పైలం అనే మాటకు అనుమతి

నా ఇనుప పెట్టెలో ఒక కాగితం ఉంది. సర్వీసులో వచ్చిన ఒకే ఒక్క ప్రశంసాపత్రం ఎక్కడ పోయిందో తెలియదు గానీ, ఈ కాగితం మాత్రం పోలేదు. దాని మీద ఎర్ర సిరాతో చుట్టిన పదకొండు సున్నాలున్నాయి. ఉద్యోగంలో నన్ను చిన్నబుచ్చినవాళ్లంతా నాకు గుర్తున్నారు. నా కుర్చీ విరిగితే మూడు నెలలు స్టూలు మీద కూర్చోబెట్టినాయన, పెళ్లికి సెలవడిగితే ‘ముహూర్తాలు మళ్లీ వస్తాయిలే’ అన్నాయన, అందరికీ టీ ఇచ్చి నా దగ్గరికొచ్చేసరికి గ్లాసులు అయిపోయినయన్న అటెండరు. అయితే ఆధారంతో సహా నా దగ్గరున్న అవమానం ఇదొక్కటే. అందుకే దాచాను.

కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు భావప్రకటన స్వేచ్ఛ గురించి పరీక్షల కోసం బాగానే చదువుతారు. ఏ అధికరణమో, దానికి ఏయే పరిమితులో అడిగితే గడగడా అప్పజెపుతారు. నేనూ అలా చదివే చేరాను. రాజ్యాంగంలో రాసిన పరిమితులు కొన్నే. మిగతావి మా ఆఫీసు బీరువాలో ఉండేవి. ఆ బీరువా తాళంచెవి నా జేబులోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇంకా వేరు జిల్లాలు కాలేదు, అన్నీ పాలమూరు కిందే ఉండేవి. గద్వాల డివిజన్లో, తుంగభద్ర దిక్కు ఒక మండలాఫీసులో నేను జూనియర్ అసిస్టెంటును. మాది వడ్డేపల్లి పక్క ఊరు. గ్రామసభలకు పోయి, ఎవరేమన్నారో చిత్తుగా రాసుకొని, ఆఫీసుకొచ్చాక సాపు చేసి రిజిస్టరులో ఎక్కించడం నా పని.

సభ అయ్యాక రాసింది చదివి వినిపించి, దాని కింద సంతకాలు, వేలిముద్రలు తీసుకోవాలని రూలు. కానీ సభ అయ్యాక ఎవరుంటారు? ఎడ్లను కట్టేసే పొద్దు అవుతుంది, ఎవరి దారిన వాళ్లు లేచిపోతారు. అందుకని మా ఆఫీసులో సభ మొదలు కాకముందే ఖాళీ పేజీ కింద వేలిముద్రలు వేయించేవాళ్లం. పైభాగం తర్వాత తీరిగ్గా నింపేది. ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. నా ముందున్నాయన నాకు నేర్పాడు, ఆయనకు ఆయన ముందున్నాయన. నోరు తెరవకముందే అనబోయే మాటకు ఒప్పుకోలు తీసుకుంటున్నామని నాకెప్పుడూ తోచలేదు. నాకు తోచిందల్లా, బస్సు దొరుకుతుందని.

మా పెద్దసారు తూర్పు జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చాడు. నిజం చెప్పాలి, చెడ్డవాడు కాదు. వేళకు వచ్చేవాడు, ఎవరి దగ్గరా చాయ్ కూడా తాగేవాడు కాదు. కానీ వచ్చిన నెలకే ఒకనాడు నేను రాసిన గ్రామసభ కాగితం పట్టుకొని హాల్లోకొచ్చాడు. అందరూ ఉన్నారు. పింఛన్ల కోసం వచ్చిన ముసలోళ్లు కూడా ఉన్నారు.

“ఏమయ్యా, ఇదేం భాష? తొవ్వ, లొల్లి, జర... ఇదిగో, ‘బడి కాడ కరెంటు తీగ వేలాడుతున్నది, పిల్లలు పైలం.’ పైలం అంటే ఏమిటి? పైలాపచ్చీసా?”

హాలంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో ఈనాటికీ చెప్పగలను. కిటికీ పక్కన టైపిస్టు, తలుపు దగ్గర అటెండరు, మా సీనియర్ అసిస్టెంటు కూడా మీసాల కింద కొంచెం. “పైలమంటే జాగ్రత్త సార్” అని అటెండరే అర్థం చెప్పాడు. పెద్దసారు జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, పైలం చుట్టూ సున్నా చుట్టి, దాని మీద తన చేత్తో ‘జాగ్రత్త’ అని రాశాడు. అది పదకొండో సున్నా.

“రేపు ఇది పైవాళ్లు చూస్తారు. తెలుగులో రాయవయ్యా” అని కాగితం నా టేబుల్ మీద పడేసి పోయాడు.

తెలుగులో రాయమని! మా అమ్మ నన్ను ఏ భాషలో కని పెంచిందని ఆయన ఉద్దేశం?

సీనియర్ అసిస్టెంటు గద్వాల మనిషి. నమాజు వేళకు లేచిపోయి, వచ్చాక ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే ఫైలు మొదలుపెట్టే నిదానస్తుడు. “ఊకో భాయ్, ఎర్ర సిరా రెండు దినాలల్ల ఎండిపోతది” అన్నాడు.

“నాకు ఎండదు” అన్నాను.

ఎండలేదు కూడా. డివిజన్ ఆఫీసుకు ఫిర్యాదు రాశాను. ‘సరైన మార్గం ద్వారా పంపవలెను’ అని తిరిగొచ్చింది. సరైన మార్గమంటే మా పెద్దసారు ద్వారానే. ఆయన మీది ఫిర్యాదును ఆయనే చదివి, ఆయనే సిఫారసు చేసి పైకి పంపాలి.

దాంతో నాకు మొండితనం పట్టింది. కర్నూలు పోయి లావుపాటి నిఘంటువు కొనుక్కొచ్చాను. సారుకు తెలుగు కావాలా? ఇక చూసుకో. లొల్లి ‘వాగ్వివాదము’ అయింది. జర ‘కించిత్తు’ అయింది. ఒక రైతు “మోటరు కాలింది సారూ” అంటే, ‘జలాకర్షక యంత్రము దగ్ధమైనట్లు విన్నవించుకొనెను’ అని రాశాను. వెక్కిరింపు అర్థమై సిగ్గుపడతాడనుకున్నాను. పెద్దసారు దాని పక్కన ‘గుడ్’ అని రాశాడు. అది కూడా ఎర్ర సిరాతోనే. దాన్నీ నేను అవమానం కిందే జమకట్టుకున్నాను.

ఆ వానాకాలంలోనే వాగు అవతలి ఊళ్లో సభ జరిగింది. బడి వరండాలో కూర్చున్నాం. ముందుగానే పేజీ కింద వేలిముద్రలు వేయించాను. మూడో ముద్ర ఆ బళ్లో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే ఆమెది. యాభై ఏళ్లుంటాయి. కొంచెం చేను కౌలుకు చేసుకుంటూ, బళ్లో వంట చేసేది. వేలికంటిన సిరాను కొంగుకు తుడుచుకొని మొదటి ప్రశ్న ఆమే వేసింది.

“సారూ, మా వాగు మీద కల్వర్టు కట్టినమని మీ కాయిదంల ఉన్నదంట. నిజమేనా?”

పెద్దసారు నా వైపు చూశాడు. నేను ఫైలు తెరిచి చూపించాను. “ఉందమ్మా. పని పూర్తయినట్టు ఫైల్లో ఉంది” అన్నాడు. ఆయన రాకముందు పూర్తయిన పని అది. ఆయన తప్పు కాదు.

“ఫైల్ల ఉంటే, ఫైలు మీదికెల్లే దాటుతం తియ్యి.”

వరండా గొల్లుమంది. పెద్దసారు ముఖం ఎర్రబడింది.

“మీరు తారు రోడ్డు వట్టి సుట్టు తిరిగి జీపుల వస్తిరి. పెద్దబడికి వొయ్యే మా పిల్లలు ఆ వాగులకెల్లే పోవాలె. ఒక్కపారి మా తొవ్వల వొయ్యి చూడు సారూ, తెలుస్తది.”

“సరే. ఇప్పుడే అటు వెళ్తాను. నేనే స్వయంగా చూస్తాను” అని పెద్దసారు లేచాడు.

అంతవరకు తమాషాగా మాట్లాడిన వంటామె ముఖం మారిపోయింది. సారు వెంట వచ్చి జీపు తలుపు పట్టుకుంది. “వద్దు సారూ, ఇయ్యాల వద్దు. పైన వాన వడ్డది, ఇసుక కుంగుతది.”

“ఫర్వాలేదులే.”

“పోతనంటే పో గని, వాగు కాడ పైలం సారూ, పైలం.”

నేను చిత్తు పుస్తకంలో రాసుకున్నాను. ‘వాగు — పైలం, రెండుసార్లు.’

ఆమె చెప్పినట్టే అయింది. వాగు నడిమధ్యలో జీపు ముందు చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. నీళ్లు లోపలికొచ్చాయి. ఊళ్లోవాళ్లు కాడెడ్లు తోలుకొచ్చారు. మోకు పట్టుకొని నీళ్లలో దిగి జీపుకు కట్టింది ఆమే. జీపు ఒడ్డెక్కింది గానీ పెద్దసారు ఎడమకాలి బూటు వాగులోనే ఉండిపోయింది. ఆయన ఒంటికాలి బూటుతో ఒడ్డున నిలబడితే, ఎడ్లు తోలిన ముసలాయన తాపీగా అన్నాడు: “ఎతకకుర్రి. సారు బూటు ఫైల్ల కలిసింది.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దాచడమెందుకు, ఆ నవ్వులో నా పదకొండు సున్నాలూ ఉన్నాయి.

మర్నాడు సాపు చేయడానికి కూర్చున్నాను. పైలం దగ్గర ఆగాను. సారు స్వయంగా రాసిచ్చిన మాట ఉంది కదా, జాగ్రత్త. కానీ వట్టి ‘జాగ్రత్త అనెను’ అంటే చప్పగా ఉంది. నిఘంటువు తెరిచాను. రెండుసార్లు అంది కాబట్టి బలం కూడా ఉండాలి. చివరికి ఇలా కుదిరింది: ‘తిరుగు ప్రయాణమున వాగు వద్ద జాగ్రత్త యని అధికారి గారిని తీవ్రముగా హెచ్చరించినది.’

రాసి, రెండుసార్లు చదువుకొని మురిసిపోయాను.

వారం తర్వాత పెద్దసారు ఆ పేజీ చదివాడు. ఈసారి ఎర్ర పెన్ను తీయలేదు. చాలాసేపు చూసి, “ఇదన్నమాట సంగతి” అన్నాడు. నవ్వినవాళ్ల మీద కేసు పెట్టడానికి సెక్షన్ లేదు. బెదిరించినవాళ్ల మీద పెట్టడానికి ఉంది. ముందుగా హెచ్చరించింది, తర్వాత జీపు దిగబడింది, చుట్టూ చేరి నవ్వారు. వరుసగా పెట్టి చూస్తే అంతా కుట్ర లాగే కనబడుతుంది. ఠాణాకు ఫిర్యాదు పోయింది. ఆమెను పిలిపించి పొద్దు కుంకేదాకా కూర్చోబెట్టారు. సంగతి తేలేవరకు బడి వంటలోకి రావద్దన్నారు. తేలి కేసు నిలబడిందంటే ఆ వంటపని ఇక ఆమెకు లేనట్టే. చేను ఎండినా ఆ ఇంటిని నిలబెట్టేది ఆ పనే.

రెండో రోజు ఆమె ఆఫీసుకొచ్చింది. నేరుగా నా టేబుల్ దగ్గరికే వచ్చింది.

“నేనేమో బెదిరిస్తిననంట. మీ బుక్కుల ఉన్నదంట. కింద నా ఏలిముద్ర కూడ ఉన్నదంట. నేనేమన్న సారూ? నువ్వు పక్కనే ఉంటివి గద.”

“లోపలికి పోయి పెద్దసారునడుగు” అన్నాను.

“రాసింది నువ్వు గద?”

నేను ఏదో వెతుకుతున్నట్టు బీరువా తెరిచాను. బీరువా మూసేసరికి ఆమె వెళ్లిపోయింది.

ఒక్క ముక్క చెబితే అయిపోయేది కదా అని మీరంటారు. ఆ ముక్క ఏమిటో చూడండి: నేను రాసింది తప్పు, ఆమె అన్నది వేరు. అంటే నాకు తెలుగు రాదని నా నోటితో ఒప్పుకోవాలి. ఎవరి ముందు? పదకొండు సున్నాలు చుట్టినాయన ముందు. ఆమె పొయ్యి మీద అన్నం ఒకవైపు, నా పౌరుషం ఒకవైపు పెట్టి తూచాను. తూచడానికే నాకు నాలుగు రోజులు పట్టింది.

ఊరివాళ్లు డివిజన్ ఆఫీసుకు అర్జీ పెట్టుకున్నారు. విచారణ వేశారు. ఆమె అసలు ఏమన్నదో చెప్పాలని నేను అప్పటికి ఒక నిర్ణయానికొచ్చాను గానీ, ప్రభుత్వోద్యోగి ఆఫీసు విషయాలు అనుమతి లేకుండా బయట చెప్పరాదని ప్రవర్తనా నియమాలు. రేపు దీన్ని పట్టుకొని నన్నే ఇరికిస్తే? అందుకని, ‘సభలో పలికిన ఒక మాట గురించి మాట్లాడుటకు అనుమతి కోరుతున్నాను’ అని దరఖాస్తు పెట్టాను. సరైన మార్గం ద్వారానే పెట్టాను. మూడో రోజుకు జవాబు వచ్చింది: ‘అనుమతి కోరుతున్న మాట ఏదో దరఖాస్తులో పేర్కొనవలెను.’

మాట పేర్కొంటే అనుమతి లేకుండా చెప్పినట్టే అవుతుంది కదా? ‘ఆ మాట పేర్కొనుటకు కూడా అనుమతి కోరుతున్నాను’ అని ఇంకో దరఖాస్తు రాశాను. సీనియర్ అసిస్టెంటు దాన్ని ఇన్వర్డు రిజిస్టరులో ఎక్కిస్తూ తల పట్టుకున్నాడు.

“అరె భాయ్, ఆమెకు అన్నం వొయ్యింది. నువ్వేమో అర్జీల మీద అర్జీలు రాస్తున్నవ్. నోరు ఉన్నది గద, తెరువు.”

“రూల్స్ ఉన్నయి.”

“ఉన్నయి. ఆ రిజిస్టరు రాసిననాడు ఏడ వొయినయి నీ రూల్సు? సభ కాకముందే ఏలిముద్రలు తీసుకొమ్మని ఏ రూలుల ఉన్నది?”

ఆయన నాతో అంత గట్టిగా మాట్లాడటం అదొక్కసారే. ఆ మాటనూ నేను మరిచిపోలేదు. కాకపోతే దాన్ని ఏ ఖాతాలో వేయాలో ఇప్పటికీ తేలలేదు.

విచారణకు నాగర్‌కర్నూల్ నుంచి ఒక మేడం వచ్చింది. గద్వాలలో ఆఫీసు గదిలో కూర్చున్నాం. మేడం, పెద్దసారు, వంటామె, నేను. నా సంచిలో ఎర్ర సున్నాల కాగితం ఉంది. ఆమె కోసం తెచ్చానని చెబితే గొప్పగా ఉంటుంది గానీ అబద్ధమవుతుంది. పైనుంచి వచ్చిన అధికారి ముందు నా అవమానం చెప్పుకోవడానికి అంతకంటే మంచి అవకాశం రాదని తెచ్చాను.

మేడం ముందు ఆమెనడిగింది. “అధికారిని ఏమన్నావమ్మా?”

“పైలం అన్ననమ్మా.”

“ఆ మాట ఎవరినంటారు మీ దగ్గర?”

“ఎవరినంటం? పొయ్యేటోళ్లనంటం. కొడుకు బస్సెక్కితే అంటం, బిడ్డ అత్తగారింటికి వోతుంటే అంటం. పగోనికి అంటమా అమ్మా? పగోడు పైలంగుంటే మనకేం లాభం?”

మేడం నవ్వు ఆపుకోలేకపోయింది. పెద్దసారు నవ్వలేదు. “మేడం, ఇప్పుడేమైనా చెబుతారు. రికార్డు స్పష్టంగా ఉంది. కింద ఆమె వేలిముద్ర ఉంది” అన్నాడు.

మేడం నా వైపు తిరిగింది. “రాసింది మీరేనా?”

“నేనే మేడం. కానీ నన్ను అట్లా రాయమన్నారు” అని కాగితం తీసి ముందు పెట్టాను. ఎవరి ముందు ఎట్లా నవ్వారో, నా ఫిర్యాదు ఎట్లా తిరిగొచ్చిందో మొదలుపెట్టాను. మేడం వినడం లేదు. ఆమె వేలు సున్నాల మీదుగా జరిగి పదకొండో దాని దగ్గర ఆగింది.

“పైలం. పైన ‘జాగ్రత్త’ అని ఎర్ర సిరా. ఇది ఎవరి చేతిరాత?”

పెద్దసారు కళ్లజోడు సవరించుకున్నాడు. “నాదే” అన్నాడు మెల్లగా.

“అంటే పైలమంటే ఏమిటో మీకు ముందే తెలుసు.”

నా గుండె నిండింది. ఇన్నాళ్లు కాగితం దాచినందుకు ఫలితం దక్కిందనుకున్నాను. అప్పుడు మేడం రిజిస్టరు నా వైపు తిప్పింది.

“జాగ్రత్త ఆయనది. మరి ‘తీవ్రముగా హెచ్చరించినది’ ఎవరిది?”

ఆ కాగితంలో దానికి సున్నా లేదు. దాన్ని రాయమని ఎవరూ అనలేదు. వంటామె నన్నే చూస్తోంది. అనుమతి ఇంకా రాలేదని చెబుదామా అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను.

“నాది మేడం.”

“ఆమె హెచ్చరించిందా?”

“లేదు. పైలం అన్నది. రెండుసార్లు.”

“మరి ఎందుకు రాశారు?”

“మంచి తెలుగు కోసం.”

“రాసింది ఆమెకు చదివి వినిపించారా?”

“లేదు.”

“వేలిముద్ర ఎప్పుడు తీసుకున్నారు?”

ఇక దాచడానికి మిగిలిందేముంది? “సభకు ముందే. ఖాళీ పేజీ మీద” అన్నాను. నా ముందున్నాయన, ఆయన ముందున్నాయన, మా పెద్దసారు, నేను, అందరం ఆ ఒక్క ముక్కలో దొరికిపోయాం.

కేసు కొట్టేశారు. ఆమె మళ్లీ బడి వంటకు పోయింది. చదివి వినిపించాకే ముద్రలు తీసుకోవాలని కొత్తగా తాఖీదు వచ్చింది, పాత రూలే కొత్త నంబరుతో. పెద్దసారును వేరే చోటికి పంపారు. పోయేముందు నా టేబుల్ దగ్గర ఆగి, “ఆ కాగితం నాకిచ్చేయకూడదూ?” అన్నాడు. ఇవ్వలేదు. నాకు అభిశంసన, వీపనగండ్లకు బదిలీ. నా దరఖాస్తుకు జవాబు అక్కడికే వచ్చింది, నేను చేరిన రెండు నెలలకు: ‘కోరిన అనుమతి నిరాకరించడమైనది.’ దాన్ని కూడా ఇనుప పెట్టెలో పెట్టాను. అప్పటికే అనేసిన మాట కాబట్టి దాన్ని వాపసు తీసుకోవాలా అని అడుగుతూ ఒక అర్జీ రాద్దామనుకొని, సీనియర్ అసిస్టెంటు గుర్తొచ్చి మానుకున్నాను. కల్వర్టు సంగతి అడుగుతారేమో. పూర్తయిన పనిని మళ్లీ మంజూరు చేసే పద్ధతి లేదట.

వీపనగండ్లకు పోయేముందు వాగు అవతలి ఊళ్లో నాకు ఇంకో సభ మిగిలింది. రిజిస్టరు అప్పగించేలోపు అది పూర్తి చేయాలి. అదే వరండా. ఈసారి ఖాళీ పేజీ మీద ముద్రలు తీసుకోలేదు. లొల్లిని లొల్లి అనే రాశాను, తొవ్వను తొవ్వ అనే రాశాను. అందరూ మాట్లాడారు. ఆమె స్తంభానికానుకొని వెనక కూర్చుంది.

“నువ్వేమన్న చెప్పేదుందా అవ్వా?” అని నేనే అడిగాను.

“ఏం లేదు సారూ.”

“కల్వర్టు గురించి?”

“ఏం లేదు. రాసుకో, ఏం లేదన్నదని.”

రాసుకున్నాను. చదివి వినిపించాను. “ఔ, గదే అన్న” అని వేలిముద్ర వేసింది. నా ఉద్యోగంలో ఉన్నది ఉన్నట్టు రాసి, వినిపించి, ఔననిపించుకున్న మొదటి మాట అదే అయ్యుంటుంది.

సభ ముగిసేసరికి పైన మబ్బు పట్టింది. నాకు జీపు లేదు, వాగు దాటి రోడ్డెక్కి బస్సు పట్టుకోవాలి. సంచి భుజానికేసుకొని బయల్దేరుతుంటే ఆమె బడి గేటు దగ్గర నిలబడి ఉంది.

“పోయొస్త అవ్వా” అన్నాను.

మా దిక్కు బయల్దేరిన మనిషికి ఆ ఒక్క మాట చెప్పకుండా పంపరు. ఆమె పెదాలు కదిలాయి కూడా. అంతలో ఆమె చూపు నా జేబులోని పెన్ను మీద పడింది.

“పోయిరా సారూ” అంది. అంతే.

పగోనికి అంటమా అని ఆమె మేడంతో అన్న మాట వాగు దాకా నా వెంట వచ్చింది. నన్ను ఆ లెక్కలో వేసిందో, లేక పెన్నున్న మనిషితో మాట్లాడటానికి భయపడిందో నాకు తెలియదు. ఎవరి మీదనైనా ఫిర్యాదు రాయగల నేను దీని మీద ఒక్క ముక్క రాయలేదు. ప్యాంటు మడుచుకొని, ఎవరూ చెప్పకుండానే, అడుగులో అడుగు వేసుకుంటూ వాగు దాటాను.